ప్రింటర్‌కో నంబరు, ఫోన్‌కో నంబరు

ఇంటి వైఫైలో చేరిన ప్రతి పరికరానికీ రౌటర్ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. రౌటర్‌ది 192.168.1.1 అయితే ఫోన్‌కు 192.168.1.101, టీవీకి 192.168.1.102 అన్నట్టు. ఈ పంపకం డీహెచ్‌సీపీ అనే పద్ధతిలో జరుగుతుంది. ఇలా వచ్చేది డైనమిక్ అడ్రస్. అది సొంతం కాదు, గడువున్న అద్దె. గడువు దాటాక ఇంకో పరికరానికి పోవచ్చు. ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు దీనివల్ల నష్టమేమీ లేదు. వాటిని వెతుక్కుంటూ ఎవరూ రారు.

ప్రింటర్, సీసీ కెమెరా రికార్డర్ సంగతి వేరు. మిగతావి వాటిని వెతుక్కుంటూ రావాలి. నిన్న బాగా పనిచేసిన ప్రింటర్ కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్‌కు కనిపించకపోతే, ముందు అనుమానించాల్సింది అడ్రస్ మారిందేమోనని.

అందుకే వీటికి స్టాటిక్ అడ్రస్, అంటే మారని అడ్రస్ పెడతారు. పరికరంలోనే టైపు చేస్తే ఒక చిక్కుంది. ఆ నంబరు రౌటర్ పంచే వరసలో ఉంటే, అదే నంబరు ఇంటికొచ్చిన చుట్టం ఫోన్‌కూ దక్కవచ్చు. ఒకే డోర్ నంబరుతో రెండిళ్లు! ఇక నెట్ వస్తూ పోతూ ఉంటుంది. రౌటర్ అడ్రస్ చివరి సంఖ్యగా 100 నుంచి 200 దాకా పంచుతుంటే, చేత్తో పెట్టేది 20 లాంటిదై ఉండాలి. అంతకన్నా మేలు రిజర్వేషన్: ఫలానా మ్యాక్ అడ్రస్‌కు (పరికరం సొంత గుర్తింపు సంఖ్యకు) ఫలానా ఐపీ అని రౌటర్‌లోనే రాసిపెట్టడం.

బయటి ఇంటర్నెట్‌కు కనిపించే అడ్రస్ వేరు, దాన్ని ఇచ్చేది నెట్ కంపెనీ. అక్కడ స్టాటిక్ కావాలంటే సాధారణంగా అదనపు రుసుము కట్టాలి. ఇంట్లో పెట్టుకునే స్టాటిక్‌కు పైసా ఖర్చు లేదు.