చిట్టి రోబో, నేను, వాడని ఒక దుప్పటి



ఈ వారం గర్భిణుల్లో రక్తహీనత గురించి రాస్తానని క్రిందటి వ్యాసంలో మాట ఇచ్చి ఉన్నాను. ఆ మాట తప్పడం లేదు. కాకపోతే అక్కడికి ఒక సినిమా మీదుగా, కొంచెం చుట్టుదారిన తీసుకువెళ్తాను. ఓపికతో వెంట రావలసిందిగా ప్రార్థన.

డెబ్బై నాలుగేళ్ల విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు మరమనుషుల సినిమాలకు వీరాభిమాని అంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లోనూ నవ్వుతారు. శంకర్ దర్శకత్వంలో 2010 అక్టోబరు 1న విడుదలైన ‘రోబో’ను ఇప్పటికి పదకొండుసార్లు చూశాను. టీవీలో వస్తున్నదని తెలిస్తే సాయంత్రపు నడక కూడా మానేస్తాను. నడక మానవద్దని మీకు ప్రతివారం చెప్పే నేను ఈ ఒక్క విషయంలో దోషినేనని ఒప్పుకొంటున్నాను.

ఈ పిచ్చికి మూలం బాల్యంలోనే ఉన్నది. టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని ‘మాయాబజార్’ చూసిన తరం మాది. 1957లో వచ్చిన ఆ చిత్రంలో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు వివాహ భోజనం ముందు కూర్చుని ఒళ్లు పెంచుతుంటే, లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఆయన నోట్లో పడుతుంటే, మా ఊరి పిల్లలందరం నోళ్లు తెరుచుకుని చూశాం. మార్కస్ బార్‌ట్లే కెమెరా పనితనమని తరువాత ఎప్పుడో తెలిసింది. మనకంటె ఎన్నో రెట్లు పెద్దదైన ఆకారాన్ని చూసి భయమూ ఆనందమూ ఒకేసారి కలగడం మనిషికి సహజం. జపాను వారు 1954లో ‘గాడ్జిల్లా’ను సృష్టించి ఆ భయానికి అణుబాంబు రూపం ఇచ్చారు. మన దగ్గర ఆ ఆకారం రాక్షసుడిగా మొదలై, చివరకు రజనీకాంత్ ముఖంతో మరమనిషిగా వచ్చింది.

‘రోబో’ పతాక సన్నివేశం గురించి చెప్పకపోతే అభిమానినే కాను. వందలాది చిట్టిలు అయస్కాంతాల వలె ఒకరినొకరు అతుక్కుని ఒక పెద్ద బంతి అవుతారు. బంతి విడిపోయి సర్పం అవుతుంది. సర్పం లేచి మేడలంత ఎత్తు మనిషి అవుతుంది. చీమలు నీటిలో ఒకదానినొకటి పట్టుకుని తేలడం, ఒంటి కణాలు కలిసి అవయవం కావడం చదువుకున్న వాడికి ఆ దృశ్యం మరింత రుచిస్తుంది. ఆ దృశ్యాల వెనుక ఉన్న వి. శ్రీనివాస మోహన్ గారికి జాతీయ పురస్కారం లభించింది. అన్నింటికంటె నాకు నచ్చేది ముగింపు. చిట్టి తన భాగాలను తానే ఒక్కొక్కటిగా ఊడదీసుకుంటాడు. తరువాత ప్రదర్శనశాలలో ఒక చిన్నపిల్ల కారణం అడిగితే, ఆలోచించడం మొదలుపెట్టినందుకేనని జవాబిస్తాడు.

అయితే నేను ఆ సినిమాను మళ్లీ మళ్లీ చూసేది ఈ భారీ ఆకారాల కోసం మాత్రమే కాదు. అసలు కారణం నడుమ వచ్చే రెండు చిన్న సన్నివేశాలు.

మొదటిది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక భవనానికి నిప్పు అంటుకుంటుంది. చిట్టి మంటల్లోకి దూకి ఒక్కొక్కరినీ బయటకు తెస్తాడు. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని కూడా ఉన్నది ఉన్నట్టుగా ఎత్తుకు వచ్చి, జనం ముందు, కెమెరాల ముందు దించుతాడు. ప్రాణం కాపాడానన్నదే అతని లెక్క. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి వాహనం కింద పడి మరణిస్తుంది. చిట్టి చేసిన తప్పేమిటో చిట్టికి బోధపడదు.

2010 దసరా సెలవుల్లో రెండవ తరగతి చదివే మనుమరాలిని ఖమ్మంలో ఆ సినిమాకు తీసుకువెళ్లాను. ఆ సన్నివేశం రాగానే అది నా చెయ్యి పట్టుకుని, “తాతయ్యా, చిట్టి కాపాడాడు కదా, ఆ అక్క ఎందుకు పరుగెత్తింది?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. చీకట్లో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఎందుకంటే ఆ చిట్టిని నేనే.

1981 వర్షాకాలం. భద్రాచలం అడవి అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేస్తున్నాను. ఒక రాత్రి నలుగురు మనుషులు డోలీ మోసుకుంటూ వాగు దాటి వచ్చారు. అందులో పద్దెనిమిదేళ్ల కోయ యువతి. తొలి కాన్పు. నొప్పులు మొదలై రెండు రోజులైనది. కరెంటు లేదు. పెట్రోమాక్స్ దీపం కాంపౌండరు పట్టుకున్నాడు. గాలి కోసం తలుపులు తెరిచే ఉంచాం. డోలీ మోసిన వారు గుమ్మంలో నిలబడ్డారు. అటెండరు వచ్చి పోతున్నాడు. నాకు కోయ భాష రాదు, ఆమెకు తెలుగు అంతంత మాత్రం. ఏమి చేస్తున్నానో, ఎందుకు చేస్తున్నానో ఒక్క ముక్క చెప్పలేదు. స్టూలు మీద మడత పెట్టిన దుప్పటి ఉన్నది. దాన్ని ఆమె మీద కప్పాలని నాకు తోచలేదు. ఆమె చేతులతో మొహం కప్పుకుంటే, సహకరించడం లేదని కసిరాను.

ఫోర్సెప్స్ వేసి బిడ్డను తీశాను. మగబిడ్డ, ఏడ్చాడు. తల్లి క్షేమం. ఆ రాత్రి నా అంతటి వైద్యుడు జిల్లాలో లేడనుకున్నాను. మూడవ రోజు తెల్లవారేసరికి మంచం ఖాళీగా ఉన్నది. చెప్పకుండా వెళ్లిపోయారని విసుక్కున్నాను, అంతే.

రెండేళ్ల తరువాత ఆమె మళ్లీ గర్భవతి అని మా ఏ.ఎన్.ఎం. చెప్పింది. మనిషి తెల్లగా పాలిపోయి ఉన్నదని, ఐరన్ మాత్రలు ఇస్తే తీసుకోలేదని, కాన్పుకు ఆసుపత్రికి రమ్మంటే లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నదని చెప్పింది. అత్తగారు మాత్రం వాకిట్లో నిలబడి, “మగవాళ్లందరి ముందూ పండబెట్టారంట. చచ్చినా రానంటంది” అన్నదట. ఆ మాట విని కూడా నేను ఆ గూడేనికి వెళ్లలేదు. వీళ్లకు అవగాహన లేదని రిజిస్టరులో రాసుకున్నాను. అవగాహన లేనిది ఎవరికో తెలియడానికి నాకు మరి రెండు నెలలు పట్టింది.

ఇంటి దగ్గరే ప్రసవమైనది. బిడ్డ బతికింది. మాయ పడిన తరువాత రక్తం ఆగలేదు. అసలే రక్తం లేని మనిషి. కబురు అంది మేము వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నా చేతుల్లో పుట్టిన పిల్లవాడు గుమ్మం పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు.

రోబో అనే మాట ఎలా పుట్టిందో తెలుసా? కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో రాసిన నాటకంలో ఆ మాటను తొలిసారి వాడాడు. వారి భాషలో ‘రొబోతా’ అంటే వెట్టిచాకిరి. చెప్పిన పనిని ఎదురు ప్రశ్నించక చేసుకుపోయే జీవి అన్నమాట. తరువాత 1942లో ఐజాక్ అసిమోవ్ తన కథలో మరమనుషులకు మూడు నియమాలు పెట్టాడు. మనిషికి హాని చేయరాదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోరాదు అన్నది మొదటిది. గొప్ప నియమమే. కాని హాని అంటే ఏమిటి? ఎముక విరగడం హాని. రక్తం కారడం హాని. నలుగురి ముందు మానం పోవడం హాని అవునా, కాదా? చిట్టికి తెలియలేదు. ఎం.బి.బి.ఎస్. చదివిన నాకూ తెలియలేదు. మా పాఠ్యపుస్తకాల్లో కటివలయపు కొలతలు ఉన్నాయి, దుప్పటి లేదు.

ఇక రెండవ సన్నివేశం. చిట్టికి మనుషుల భావాలు నేర్పుతారు. ఆ తరువాత కథానాయిక అక్కకు కాన్పు కష్టమవుతుంది. అప్పుడు ఆ యంత్రమే ప్రసవం చేసి తల్లీబిడ్డలను కాపాడుతుంది. ఒక ప్రసూతి వైద్యుడిగా ఆ సన్నివేశంలో తప్పులు వెదకవచ్చు. నేను వెదకను. సిగ్గు అంటే ఏమిటో తెలియక ఒక ప్రాణం పోగొట్టిన వాడు, తెలుసుకున్న తరువాత ఒక ప్రాణం నిలబెట్టాడు. నాకు అది చాలు. ఆ మరణం తరువాత నేను పని చేసిన ప్రతి చోటా ప్రసవ గదికి తెర కట్టించాను. తెర లేని చోట ఆడవారి చీరలు అడ్డం పట్టించాను. వంద కోయ మాటలైనా నేర్చుకున్నాను. అది ప్రాయశ్చిత్తమని అనను. పోయిన మనిషి పోయినట్టే.

2018 నవంబరు 29న వచ్చిన ‘2.0’ గురించి కూడా ఒక మాట చెప్పాలి. సెల్‌ఫోన్లన్నీ గుంపుగా ఎగిరి పెద్ద రాకాసి పక్షిగా మారి చిట్టితో తలపడుతుంటే ఈ వయసులోనూ ఈల వేయాలనిపించింది. కాని అభిమానం వేరు, వైద్యం వేరు. టవర్ల తరంగాల వల్లనే పక్షులు నశిస్తున్నాయన్న ఆ కథను శాస్త్రంగా తీసుకోకండి. ఎక్స్‌రే కిరణాల వలె కణాలలోని అణువులను ఛేదించే శక్తి ఆ తరంగాలకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో వాటిని ‘బహుశా కారకం కావచ్చు’ అనే వర్గంలో చేర్చింది. రుజువు పరిమితంగా ఉన్నదనే దాని అర్థం. ఫోను వల్ల నేను కళ్లారా చూసిన హాని వేరు. నిద్ర చెడడం, బండి నడుపుతూ మాట్లాడి కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకోవడం.

ఇప్పుడు ఇచ్చిన మాట ప్రకారం రక్తహీనత. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటె తక్కువ ఉంటే రక్తహీనత. 7 కంటె తక్కువైతే ప్రమాదకరం, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర నాలుగవ నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మ, ఉసిరి వంటివి తీసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తే భయపడవద్దు, అది మాత్ర రంగే. కాన్పు తరువాత గుడ్డలు త్వరత్వరగా తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా, ఒళ్లు చల్లబడుతున్నా తెల్లవారనివ్వకండి, 108కి ఫోన్ చేయండి. రక్తం ఉన్న తల్లి కొంత నష్టాన్ని తట్టుకుంటుంది. రక్తం లేని తల్లికి వ్యవధి ఉండదు.

ఇంకొక్క మాట. కాన్పు గదిలో తెర ఉండాలని, ఒంటి మీద దుప్పటి కప్పాలని, నమ్మకమైన ఆడతోడు పక్కన ఉండాలని అడగడం మీ హక్కు. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమం ఆసుపత్రులను కోరుతున్నదీ అదే. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు. నాలాంటి వైద్యుడు ఎదురైతే గట్టిగానే అడగండి. ఈ వ్యాసం చదువుతున్న యువ వైద్యులు ఎవరైనా ఉంటే, గ్లవ్స్ తొడుక్కునే ముందు దుప్పటి కప్పండి. ఆమె భాషలో ఒక్క మాట నేర్చుకుని అయినా చెప్పండి.

ఆనాడు సినిమాహాలులో ప్రశ్న అడిగిన మనుమరాలు ఇప్పుడు వైద్యవిద్య చివరి సంవత్సరంలో ఉన్నది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని మళ్లీ ‘రోబో’ చూశాం. మంటల సన్నివేశం రాగానే టీవీ ఆపి, పదిహేనేళ్ల కిందటి ఆ ప్రశ్నకు జవాబుగా ఈ కథంతా చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆమె పేరు గుర్తుందా తాతయ్యా?” అని అడిగింది.

గుర్తున్నది. ఇక్కడ రాయను. ఆమె గుట్టు ఒకసారి బయట పెట్టింది చాలు.

వచ్చే వారం మధుమేహ రోగుల పాదాల సంరక్షణ గురించి. అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ, సెలవు.