గిడుగు మాస్టారు ఎక్కిన కొండ

శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయని 1919లో లోకానికి చెప్పినాయన రిటైరైన ఒక మాస్టారు. గిడుగు వెంకట రామమూర్తి గారికి అప్పటికే యాభై అయిదేళ్లు. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి 1911లో విరమించుకున్నారు. సవర భాష కోసం మన్యంలో తిరిగినప్పుడు మలేరియా పట్టుకుంది, దానికి మింగిన క్వినైన్ చెవుల్ని దెబ్బతీసింది. వయసు మీద పడుతూ, మాట సరిగా వినపడని మనిషి వెతికి పట్టుకున్న చోటు అది.

మా పిన్ని కూడా రిటైరైన తెలుగు టీచరే. గిడుగు వారి పాఠం ఎన్ని తరగతులకి చెప్పిందో లెక్కలేదు. పుట్టిందీ మెట్టిందీ ఉద్యోగం చేసిందీ శ్రీకాకుళం జిల్లాలోనే. అయినా డెబ్బై రెండేళ్లు వచ్చేదాకా శాలిహుండం ఎక్కలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తీరిక లేదు, తీరిక దొరికేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. సంక్రాంతికి వెళ్లినప్పుడు పట్టుబట్టింది. "ఒరే, ఇంకో రెండేళ్లు పోతే నన్నెవరూ ఎక్కించలేరు. ఇప్పుడే తీసుకెళ్లు."

పండగ వెళ్లిన వారంలోనే, ఇంకా మంచు విడవకముందే బయల్దేరాం. కళింగపట్నం వైపు దారంతా కోతలైపోయిన చేలు, నూర్చకుండా మిగిలిన వరి కుప్పలు, తాటిచెట్లు. పిన్ని సంచిలో నీళ్ల సీసా, మోకాలి పట్టీ, ఒక నోటు పుస్తకం, ఎర్ర పెన్ను ఉన్నాయి. ఎర్ర పెన్నెందుకని అడిగితే, ఎక్కడెక్కడ ఆగాల్సి వచ్చిందో రాసుకుంటానంది. "నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కదరా. వాళ్లకి చెప్పాలి కదా" అంది.

ఆ పుస్తకంలో మొదటి ఎర్ర గుర్తు ఆయాసం వల్ల పడలేదు, కంటి చూపు వల్ల పడింది. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి, రెండు పవర్ల కళ్లజోడులోంచి చూస్తే, మెట్టు ఎక్కడ అయిపోయిందో, తర్వాతది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అంతా ఒకటే మట్టి రంగు. ప్రతి అడుగుకీ కాలి బొటనవేలితో అంచు తడిమి చూసుకుని, అప్పుడు బరువు మోపుతోంది. మామూలుగా నడిచే నాకు ఎప్పుడూ తట్టని సంగతి ఇది. ఈ కాలంలో కట్టిన మెట్ల అంచుకి వేరే రంగు రాయి ఒక పట్టీలాగా పరిచినా చాలు, పాత ఇటుకని ముట్టుకోకుండానే ఈ కష్టం తీరుతుంది.

సగం దూరంలో మేకలు కాస్తున్న ఒకావిడ మమ్మల్ని చూసి పిలిచింది. "ఓలమ్మా, ఆ ఎండలో నిలబడిపోనారేటి? ఇలగ రండి, సెట్టు కింద కూకోండి. పెద్దోళ్లొస్తే ఇక్కడికొచ్చీ ఆగిపోతారు, పైకెల్లరు." పిన్ని ఆ చెట్టు దగ్గర పెద్ద గుర్తు పెట్టింది. రోజూ కొండ మీద తిరిగే మనిషికి, పెద్దవాళ్ల ఓపిక ఎక్కడ అయిపోతుందో కచ్చితంగా తెలుసు. దారి ఎక్కడ వెయ్యాలో, బల్ల ఎక్కడ వెయ్యాలో నిర్ణయించేవాళ్లు ముందు ఇలాంటి వాళ్లని అడగాలి.

ఒక కొస గుండ్రంగా తిరిగిన చైత్యగృహాల ఇటుక పునాదులు దాటి పైకి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. పైన స్తూపాలు, గుండ్రటి చైత్యం. కింద వంశధార. అది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వైపంతా కనపడుతోంది. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం పన్నెండో శతాబ్దం దాకా ఇక్కడ మనుషులు మసలిన ఆనవాళ్లు ఉన్నాయంటారు పురావస్తువేత్తలు. రాతి భరిణెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు దొరికిన చోటు. తార, మారీచి విగ్రహాలు కొన్ని ఇక్కడి మ్యూజియంలోనే ఉన్నాయి. పిన్ని ఇవన్నీ నాకు పాఠంలాగే చెప్పింది, కానీ నిలబడి చెప్పలేకపోయింది. కూర్చోడానికి చోటు వెతికితే దొరికింది పాత ఇటుక గోడ అంచు ఒక్కటే. ఆవిడ దాని మీద కూర్చోనంది. "రెండు వేల ఏళ్ల ఇటుక మీద కూర్చుంటానా?" అని నా భుజం పట్టుకుని నిలబడింది. ఆవిడలాగా ఆగేవాళ్లు ఎందరు? కాళ్లు పీకుతున్న మనిషి ఎక్కడ వీలైతే అక్కడ కూలబడతాడు. ఆ పక్కన ఒక బల్ల ఉంటే మనిషికే కాదు, స్తూపానికీ మేలు.

రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం కూడదని చట్టం ఉంది. చాలా మంచి చట్టం, అది లేకపోతే ఈ కొండల చుట్టూ ఈపాటికి ఏమేం లేచేవో. నేనడుగుతున్నది కట్టడం కాదు. నేల తవ్వకుండా పెట్టి, అవసరమైతే తీసేయగలిగే బల్లలు, చేతి ఊతానికి కమ్మీ. బౌద్ధారామంలో ఇనుప కమ్మీ ఏం బాగుంటుందని పెదవి విరిచేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. వినయ పిటకంలో చుల్లవగ్గమని ఒక భాగం ఉంది. విహారాల అరుగులు ఎక్కబోయి భిక్షువులు పడిపోతున్నారని తెలిసి, మెట్లు కట్టుకోడానికి బుద్ధుడు అనుమతిచ్చాడు. మెట్లెక్కుతూ కూడా పడుతున్నారంటే, పట్టుకోడానికి కమ్మీ పెట్టుకోమన్నాడు. శాలిహుండంలో కమ్మీ పెట్టడమంటే ఆ చోటి ధర్మాన్ని అక్కడ పాటించడమే.

దిగడం ఇంకా కష్టమైంది. ఎక్కేటప్పుడు బాధంతా ఊపిరిది, దిగేటప్పుడు మోకాలిది. ఒంటి బరువంతా వంగిన కాలి మీదే పడుతుంది. మెట్ల ఎత్తు ఒకేలా లేని చోట అడుగు పక్కకి వేసి, ఒక్కో మెట్టూ రెండు కాళ్లూ ఆన్చి దిగింది. పిన్ని పుస్తకంలో ఎక్కేటప్పటి గుర్తులకన్నా దిగేటప్పటివే ఎక్కువ. ఎక్కడానికి సాయం చేసే పిల్లలు కిందకొచ్చేసరికి ఫోటోలు చూసుకుంటూ ముందుకెళ్లిపోతారని కూడా రాసింది. నన్నుద్దేశించి కాదంది.

తర్వాత వెళ్లిన శ్రీముఖలింగంలో ఎర్ర పెన్నుకి పని పడలేదు. అక్కడి మధుకేశ్వరాలయం నేల మీదే ఉంది కాబట్టి వయసుతో పని లేకుండా అందరూ తిరుగుతున్నారు. చెక్కిన గుమ్మాల అందం చూస్తూ రాతి గడప దాటేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి, అక్కడ అర్చకులో పక్కవాళ్లో చెయ్యి అందిస్తూనే ఉన్నారు. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట అక్కడికి దగ్గరే, ఈ గుడి శాసనాల్ని ఆయన తనంతట తాను చదవడం నేర్చుకున్నారు. గోడల దగ్గర పిన్ని చాలాసేపు గడిపింది. ఎర్ర పెన్ను సంచిలోంచి బయటికి రాలేదు.

విజయనగరం జిల్లా రామతీర్థం దగ్గర మాత్రం ఓటమి ఒప్పుకోవాల్సి వచ్చింది. గురుభక్తులకొండ మీది బౌద్ధ విహారం నేల నుంచి సుమారు 500 అడుగుల ఎత్తున, నిట్టనిలువు బండ కింద ఇరుకైన అంచు మీద ఉంది. పక్కనే బోధికొండ మీద జైన శిల్పాలు. పిన్ని కింద నుంచి చూసి, కాసేపు ఆలోచించి, "నేను రాను, నువ్వెళ్లు" అంది. నేను ఎక్కి ఫోన్లో వీడియో కాల్ చేశాను. ఎడమవైపు తిప్పమని, ఇటుక దగ్గరగా చూపించమని కింద నుంచి నడిపించింది. సిగ్నల్ తెగుతూ వస్తూ ఉంది. దిగొచ్చాక ఎలా ఉందని అడిగితే, "బొమ్మ చూశాను. చోటు చూడలేదు" అంది.

పోనీ డోలీ? అజంతాలో పెద్దవాళ్లని మోసుకెళ్తారు. ఆ మాటెత్తగానే పిన్ని ముఖం మారింది. మన మన్యంలో నెలలు నిండిన ఆడవాళ్లని, జబ్బుపడ్డవాళ్లని డోలీలో మోస్తూ రోడ్డుకి చేర్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి. "వేడుకకి నేను ఇంకొకరి భుజమెక్కలేనురా" అంది. నేను వాదించలేదు. ర్యాంపు అంటారా, మన దేశపు మార్గదర్శకాల ప్రకారం అడుగు ఎత్తుకి కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. 500 అడుగులు ఎక్కాలంటే 6000 అడుగులు, సుమారు రెండు కిలోమీటర్లు కొండని తొలచాలి. ఏథెన్స్‌లో అక్రోపొలిస్ కొండకి 2020లో కొత్త లిఫ్టు పెట్టారు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు హాయిగా పైకి వెళ్తున్నారు. అదే కాలంలో పైన పరిచిన కాంక్రీటు బాటల మీద మాత్రం పండితులు మండిపడ్డారు. ప్రతి కొండనీ ప్రతి ఒక్కరూ ఎక్కేలా మార్చడం కుదరదు, మార్చకూడదు కూడా. ఎక్కగలిగిన కొండని మాత్రం, ఒక బల్ల లేక, ఒక కమ్మీ లేక, ఎవరూ వదులుకోకూడదు. ఎక్కలేని కొండ దగ్గర, పైనున్నదాన్ని కిందకి తేవాలి. చేత్తో తడిమి తెలుసుకునే నమూనా, పెద్దక్షరాల పలక, నీడలో కూర్చుని వినడానికి మన భాషలో ఒక కథనం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది కదా అనొచ్చు. అరిగిన మోకాళ్ల పిన్నికి సర్టిఫికెట్టు లేదు, ఉండక్కర్లేదు కూడా. వయసు వైకల్యం కాదు.

ఇంటికొచ్చాక పిన్ని ఎర్ర గుర్తులన్నీ శుభ్రంగా తిరగరాసి, సంబంధించిన కార్యాలయానికి ఉత్తరం తయారుచేసింది. మేకలావిడ చూపించిన చెట్టు దగ్గర ఒక బల్ల, మలుపుల్లో చేతి కమ్మీ, మెట్ల అంచుకి రంగు తేడా, కింద శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు, ఏ దారి ఎంత కష్టమో మొదట్లోనే చెప్పే బోర్డు. ఖర్చు లేని కోరిక కూడా ఒకటి రాసింది. పొద్దున ఎండెక్కకముందే పెద్దవాళ్లని లోపలికి రానివ్వాలని.

ఉత్తరం పోస్టు చేసి, తోటి రిటైర్డు టీచర్లకి ఫోన్లు మొదలుపెట్టింది. ఎండలు ముదరకముందే, మాఘంలోనే, మళ్లీ శాలిహుండం. మడత కుర్చీలు నేను మొయ్యాలి. ఆరింటికల్లా అందరూ శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్ దగ్గరుండాలి.