‘అర్థమైందా?’ అంటే చాలదు

ఢిల్లీలో ఏ ప్రభుత్వాసుపత్రి పిల్లల ఓపీలోనైనా తరచూ వినిపించే ప్రశ్న ‘సమఝ్ గయే?’ జవాబు ఎప్పుడూ ఒకటే: ‘జీ, డాక్టర్ సాబ్.’ పాతికేళ్లుగా ఇక్కడ పిల్లల వైద్యుడిగా ఆ ‘జీ’లు వింటున్నాను. అర్థమైందని దాని భావం కాదు. వెనక క్యూ ఉంది, డాక్టరుకు విసుగు తెప్పించడమెందుకని.

ఆ మధ్య నోయిడాలో భవన నిర్మాణ పనులు చేసుకునే పాలమూరు దంపతులు ఆరేళ్ల పాపతో వచ్చారు. టైప్ 1 డయాబెటిస్. ఇన్సులిన్ మోతాదు, వేళలు, ఫ్రిజ్ లేకపోతే తడి మట్టికుండలో మందు దాచే పద్ధతి అన్నీ తెలుగులోనే చెప్పాను. తల్లి బుద్ధిగా తలూపింది. ‘అర్థమైందా’ అనకుండా, ‘ఊళ్లో మీ అత్తమ్మ ఫోన్ చేసి అడిగితే ఏం చెబుతావమ్మా?’ అన్నాను.

‘షుగర్ తగ్గేదాంక సూదులు, తగ్గినంక ఆపమన్నరని చెప్త సార్.’

ఆ పాపకు ఒకట్రెండు రోజులు ఇన్సులిన్ ఆపినా ప్రాణం మీదికి రావచ్చు. భాష కలిసినా అసలు సంగతే చేరలేదు. ఇది జీవితాంతం కావలసిన మందని మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు ఆమె అసలు ప్రశ్న అడిగింది: ‘కడుపుతో ఉన్నప్పుడు నేను తీపి తిన్నందుకే వచ్చిందా?’ కాదన్నాను. శరీర రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీస్తుందని, అందులో తల్లి తప్పేమీ లేదని చెప్పాను. అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న భర్త తలెత్తాడు.

పిల్లల జబ్బుల చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1990లలో రూపొందించిన శిక్షణలో తల్లితో మాట్లాడే తీరుకు నాలుగు మెట్లున్నాయి: అడిగి వినడం, ఆమె చేస్తున్న మంచిని మెచ్చుకోవడం, సలహా ఇవ్వడం, చివరగా ఎంత అర్థమైందో సరిచూడటం. మన దేశంలో ఏఎన్‌ఎంలకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు దీన్ని నేర్పారు. పెద్దాసుపత్రుల్లో చాలామంది డాక్టర్లు మాత్రం మూడో మెట్టు మీదే మొదలెట్టి అక్కడే ముగిస్తారు. రోగులతో మాట్లాడే తీరు ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ప్రత్యేక భాగంగా చేరింది 2019లోనే.

టైమెక్కడిదంటారు మా వాళ్లు. నిజమే, క్యూ పొడవే. కానీ ఆ ఒక్క ప్రశ్నకు పట్టేది నిమిషం. అది అడగకపోతే అదే పాప అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వస్తుంది.

మీ డాక్టరు అడక్కపోతే మీరే అనండి: ‘నాకు అర్థమైంది ఇదీ. సరేనా?’ మంచి డాక్టరెవరూ ఏమీ అనుకోరు.