గాలి పడవతో మదురై దాకా

పోయిన డిసెంబరు సెలవులకు మా మేనల్లుడు డాలస్ నుండి భార్యాబిడ్డలతో కోయంబత్తూరు వచ్చాడు. సామానులో ఒక లావుపాటి సంచీ కనబడితే పరుపేమో అనుకున్నాను. విప్పి చూస్తే మడత పెట్టిన పడవ! కయాక్ అంటారట. ఇద్దరు కూర్చుని తెడ్లు వేసుకోవచ్చు. పంపుతో పది నిమిషాలు గాలి కొడితే పడవ, గాలి తీసేస్తే మూట. బరువు పదిహేను కిలోలు. అక్కడ వాళ్ళు పడకలూ పొయ్యీ ఉన్న క్యాంపర్ వ్యానులో ఊళ్ళు తిరుగుతూ, అనుమతి ఉన్న చెరువుల్లో దీన్ని దింపుతారట.

"మామయ్యా, మదురైకి మనమూ అలాగే వెళదాం" అన్నాడు. పడకల వ్యాను ఒకటి అద్దెకు దొరికింది. మా అక్కయ్య, మా ఆవిడ, నేను, వాళ్ళు ముగ్గురు, వెరసి ఆరుగురం బయలుదేరాం.

మోసుకుపోయే పడవ మనకు కొత్తేమీ కాదు. కావేరి మీద హొగెనకల్‌లో తిరిగే పుట్టిని తమిళులు పరిసల్ అంటారు. వెదురు బద్దల గంపకు పూర్వం తోలు కప్పేవారు. పని అయ్యాక పడవవాడు దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని పోతాడు. ఆ మాట చెబితే మావాడు "అయితే మాదే కాపీ అన్నమాట!" అని నవ్వాడు.

పొల్లాచ్చి దాటి పళని దారిలో పడ్డాం. ఈ దారికి మన తెలుగువారితో ఒక అనుబంధం ఉంది. జి.డి. నాయుడుగారు 1920లో ఒక బస్సు కొని మొదట నడిపింది పొల్లాచ్చి, పళనిల మధ్యనే. తరువాత 1937లో మన దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారుచేసిన ఘనతా వారిదే. పెద్ద బడిచదువు లేని మనిషి అంతవాడయ్యాడని మా మనవడికి చెప్పాను. వాడి ధ్యాసంతా పడవ మీదే!

ఉడుమలపేట నుండి పాతిక కిలోమీటర్లు దక్షిణంగా అమరావతి జలాశయం ఉంది. ఆనకట్ట 1957 నాటిది. ఆనకట్టకు దూరంగా ఒక గట్టు పక్కన వ్యాను ఆపాం. నిండు నీళ్ళు, వెనుక నీలం కొండలు. మేము పంపు వెతుక్కుంటూ ఉండగానే పదేళ్ళ పిల్లవాడు తెడ్డు పట్టుకుని నీళ్ళవైపు పరుగెత్తాడు. మేకలు కాసే ఒక ముసలాయన "తంబీ, పోగాదే! ముదలై! ముదలై!" అని అరిచాడు. వాడికి తమిళం రాదు, ఆగలేదు. మా అక్కయ్య వెనకనుంచి "ఒరే నాన్నా, ఆగరా!" అని కేక వేసింది. ఆ కేక విన్న ముసలాయన వెంటనే "అబ్బోడా, పోవద్దు! మొసలుండాది!" అన్నాడు.

వాడు ఉన్నచోటే నిలబడిపోయాడు. నీళ్ళు ఇంకా నాలుగడుగుల దూరం.

ఆ జలాశయంలో మొసళ్ళు స్వేచ్ఛగా తిరుగుతాయనీ, దగ్గరలోనే మొసళ్ళ పెంపక కేంద్రం ఉందనీ అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళు బ్యాంకులో అప్పు ఇచ్చే ముందు పది ప్రశ్నలు వేసిన నేను, బిడ్డను నీళ్ళ దగ్గరికి తెచ్చేముందు ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముసలాయనకు దణ్ణం పెట్టి, తెలుగు ఎలా వచ్చని అడిగాను. "మా ఇండ్లల్లో ఇదే మాట సామీ. ఎన్ని తరాలాయెనో తెలీదు. రాసేది మాత్రం తెలీదు" అన్నాడు. వ్యానెక్కాక మనవణ్ణి అడిగాను, "మొసలంటే నీకెలా తెలుసురా?" అని. "నానమ్మ ఫోనులో చెప్పింది కదా తాతయ్యా! ఏనుగు కాలు పట్టుకుంటుంది, దేవుడు వస్తాడు" అన్నాడు. గజేంద్రమోక్షం! మా అక్కయ్య కళ్ళు తుడుచుకుంది.

పడవ చివరకు మదురై దగ్గర మా బంధువుల తోటలో, నడుములోతు కుంటలో దిగింది. అందరం లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాం. ఎండలో లోపలి గాలి వ్యాకోచిస్తుంది గనుక బిర్రుగా నింపలేదు. తుమ్మముళ్ళ భయంతో నేలమీద ఈడ్వకుండా మోసుకెళ్ళాం. ఒక చిన్న పంక్చరును సైకిలు ట్యూబుకు వేసినట్టే అతుకు వేశాం. తడి ఆరకుండా మడిస్తే బూజు పడుతుందట. అందుకని సాయంత్రం దాకా పడవ చింతచెట్టు నీడన ఆరింది, మేమూ అక్కడే పులిహోర తిన్నాం.

మర్నాడు మదురైలో తిరుమల నాయకుడు 1645 ప్రాంతంలో తవ్వించిన వండియూరు తెప్పకుళం చూశాం. వెయ్యి అడుగుల పొడవు, నడుమ మండపం. వైగై నీళ్ళు కాలువ ద్వారా వస్తాయి. తై మాసపు పున్నమికి మీనాక్షీ సుందరేశ్వరులను తెప్పమీద ఎక్కించి, జనం మోకులు పట్టి మండపం చుట్టూ లాగుతారు. "తెప్ప అంటే మన తెప్పేనా?" అన్నాడు మనవడు. అవునన్నాను. అది దేవుడి కోనేరు గనుక మా పడవ సంచీలోనే ఉంది.

వ్యానులో వెళ్ళండి, పడవ తీసుకెళ్ళండి, పిల్లలకు మంచి సరదా. కాని నీళ్ళలో దిగేముందు ఆ ఊరివాణ్ణి అడగండి. ఇంట్లో పిల్లలకు తెలుగులో కథలు చెప్పండి. ఏ మాట ఏ గట్టు మీద అక్కరకు వస్తుందో ఎవరికి తెలుసు!