ఇంటివారు చూడని యూరు

హైదరాబాదులో కాపురముండు మాబోటి వారికి రెండే ఋతువులు. చుట్టములు వచ్చు ఋతువు మొదటిది. వారు వెళ్ళిన పిదప గిన్నెలు సర్దుకొను ఋతువు రెండవది. సంక్రాంతి సెలవులకు వచ్చినను, పిల్లవాని పరీక్షకు వచ్చినను, వైద్యునికి చూపించుకొనుటకు వచ్చినను, ప్రతి చుట్టమును తుదకు కోరునది యొక్కటే: "ఎట్లును వచ్చితిమి గదా, చార్మినారు, గోలకొండ, సాలార్జంగు మ్యూజియము చూచి పోయెదము." చూడవలసినదే, కాదనువారెవరు? మా వారు బండి మాటలాడుదురు. ఇంటిలోని ఆడువారము తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, పెరుగన్నమునకు తిరుగమోత పెట్టి, నీళ్ళసీసాలు నింపి వారిని సాగనంపుదుము. సాయంకాలమునకు వారు కాళ్ళు పీకుచున్నవని గుమ్మములోనే కూలబడి, కాఫీ త్రాగుచు, చూచినదంతయు మాకు వర్ణించి చెప్పుదురు. మా యూరిని గూర్చి పొరుగూరివారు చెప్పుట, మేము నోరు తెరచుకొని వినుట, ఈ వింత మా యింట చాల యేండ్లు సాగినది.

నేనీ యింటికి కోడలినై వచ్చినది 1996లో. మొదటి నాలుగైదు సంవత్సరములు ఈ యేర్పాటుపై నాకు మెండుగా కోపముండెను. మా పేట మహిళా సమాజములో ఒకనాడు మాటలాడవలసి వచ్చినపుడు, ఆడుదాని భూగోళము వంటయింటి గోడలతో ముగిసిపోవుచున్నదని గట్టిగా పలికితిని. సభవారు చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్ల వేడి చల్లారకమునుపే ఇంటికి వచ్చి మా వారితో పోరు పెట్టుకొంటిని. ఆయన మంచివారు, కొన్నాళ్ళకు నా మాట యందలి న్యాయము నొప్పుకొనిరి. అది మొదలు చుట్టములతో నేనును బయలుదేరుచు వచ్చితిని.

చార్మినారు మెట్లు 149. అవి యెక్కి పైయంతస్తున నిలిచి, మహమ్మదు కులీ కుతుబుషా 1591లో కట్టించిన ఆ కట్టడము నుండి నాలుగు వైపులకు సాగు వీధులను చూచినపుడు నా యొడలు పులకరించినది. 1889లో అమర్చిన నాలుగు గడియారములను వాహనము దిగిన చోటినుండియే పిల్లలకు చూపించితిని. కుతుబుషాహీల సమాధుల తోటలో హయాత్ బక్షీ బేగము గోరీని చూచితిని. ఆమె మహమ్మదు కులీకి కూతురు, తరువాతి సుల్తానుకు భార్య, ఆ పై సుల్తానుకు తల్లి. మూడు పాలనలను దగ్గరనుండి చూచి, రాచకార్యములలో మాట చెల్లించుకొని, 1667లో గతించెను. రాజులకు దీటుగా నిలిచిన ఆమె గుమ్మటమును చూచి వచ్చి, సమాజములో మరల నొక యుపన్యాసమిచ్చితిని. మరల చప్పట్లు కొట్టిరి. నేను గెలిచితినని యనుకొంటిని.

గడచిన సంవత్సరము మా ఆడుబిడ్డగారి మనుమడొకడు, ఎనిమిదేండ్లవాడు, సాలార్జంగు మ్యూజియము చూచి వచ్చి మా అత్తగారి ప్రక్కన చేరి, "మామ్మా, గడియారములో గంటకొట్టు బొమ్మ లోపలికి పోయిన తరువాత ఏమి చేయుచుండును?" అని యడిగెను.

"నాకేమి తెలియును నాయనా? నేను చూడలేదు."

"అదేమి, నీవీ యూరిలోనే యున్నావు గదా?"

అత్తగారు నవ్విరి. "ఊరిలో లేను నాయనా, ఇంట్లో ఉన్నాను" అనిరి.

ఆ మాటలో నిష్ఠురము లేదు. లేనందుననే అది నన్ను పొడిచినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అత్తగారు ఈ నగరమునకు కాపురమునకు వచ్చినది 1968లో. 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీలో నెహ్రూగారు ప్రారంభించిన ఆ మ్యూజియము మూసీ గట్టున నున్న ఇప్పటి భవనమునకు మారినదియు ఆ సంవత్సరమే. ఇద్దరును ఒక్క యేడు ఈ చోటికి వచ్చినవారు. మా నారాయణగూడ యింటినుండి అక్కడికి అయిదు మైళ్ళయినను లేదు. అయినను యాబది యేండ్లు దాటినను ఒకరినొకరు చూడలేదు.

అంతకన్న గొంతునకు అడ్డుపడిన లెక్క మరియొకటి యుండెను. నేను చార్మినారు మెట్లెక్కిన నాడు పులిహోర కలిపినదెవరు? బేగముగారి గోరీకడ నేను స్త్రీ గౌరవమును తలపోయుచున్న వేళ, మా కందరకు రాత్రి వంటకై కూర తరుగుచున్నదెవరు? వంటయింటి గోడలను నేను దాటినమాట నిజమే. దాటుటకు ముందు వేరొకరిని లోపల నిలిపి దాటితిని. నేను మగవారితో పోరాడి సంపాదించినదని చెప్పుకొన్న స్వేచ్ఛకు వెల నిచ్చినది మగవారు కారు, మా అత్తగారు. "మీరును రండి" యని ఆమెతో నేను ఒక్కనాడును అనలేదు. ఆమెకు ఆసక్తి లేదని నాకు నేనే నిర్ణయించుకొంటిని. మగవారు మనలను గూర్చి యనుకొనునది ఇదియే గదా!

మరునాడు అడిగితిని. ఆమె కొంచెము తడసి, "చూడవలెననియే యుండెను అమ్మాయీ. ఈ చుట్టములు వెళ్ళనిమ్ము, ఈ పండుగ కానిమ్మని యనుకొంటిని. ఇప్పుడు వచ్చి ఏమి చూతును?" అనిరి. ఆమెకు నీటికాసుల జబ్బు. శుక్లమువలె శస్త్రచికిత్సతో తొలగిపోవునది కాదది. పోయిన చూపు తిరిగి రాదనియు, మిగిలినదానిని మందులతో నిలుపుకొనవలసినదే యనియు వైద్యుడు చెప్పియుండెను. ప్రక్కచూపు చాలవరకు పోయినది. ఎదుటి చూపు గొట్టములోనుండి చూచినట్లు సన్నగిల్లినది. అయినను పోదమంటిని. ఆ నాడు వంటయింట నిలుచువంతు మా వారిది. పప్పులో రెండుమారులు ఉప్పు వేసిరి. ఆ పప్పు మేమందరము మారుమాట లేక తింటిమి.

మ్యూజియములో మొదట ముసుగు రెబెకా బొమ్మకడకు తీసికొనిపోతిని. బెంజోనీ యను ఇటలీ శిల్పి మలచిన ఆ పాలరాతి ప్రతిమను మొదటి సాలార్జంగు 1876లో కొని తెచ్చెను. ముసుగును రాయియే, ముఖమును రాయియే. అయినను తడిసిన పలుచని బట్టలోనుండి వలె కనురెప్పలు, పెదవులు తెలియుచుండును. అత్తగారు చాలసేపు చూచి, "తెల్లగా ఎవరో నిలుచున్నట్లున్నది. ముసుగు నాకు తెలియుట లేదు" అనిరి. నేను వర్ణించి చెప్పితిని. చెప్పుచుండగా నా గొంతు నాకే వింతగా వినబడినది. కాఫీ త్రాగుచు మా చుట్టములు చెప్పినట్లే చెప్పుచుంటిని. ఆమెకు మరల వినికిడియే దక్కినది. పదేండ్లు ముందుగా తెచ్చియున్నచో నేను నోరు మెదపవలసిన పనియే లేకపోవును గదా!

పండ్రెండు కావచ్చుచుండగా గడియారపు హాలులో కూర్చుంటిమి. జనము క్రిక్కిరిసి యుండిరి. కుక్ అండ్ కెల్వీ కంపెనీవారి ఆ గడియారములో గడ్డపు మనిషి బొమ్మ తలుపు తెరచుకొని వచ్చి గంటలు కొట్టును. ప్రక్కన నొక కమ్మరి బొమ్మ క్షణమున కొకమారు సమ్మెట వేయుచుండును. పిల్లల సందడి ఒక్కసారిగా నణగినది. అత్తగారు కన్నులు మూసికొని వ్రేళ్ళు మడచుచు లెక్కించిరి. పండ్రెండును కాగానే, "అన్నియు వినబడినవి. ఆ పిల్లవానికి చెప్పవలెను" అని సంతోషించిరి.

తరువాతి వారము గోలకొండకు పోతిమి. రామదాసును బంధించినదని చెప్పుకొను చెరసాల వరకు ఇరువురము చెరియొక చేయి పట్టుకొని మెల్లగా నడిపించితిమి. రామదాసు కీర్తనలు పాడుచు ఎన్ని వేలమారులు పొయ్యి వెలిగించిరో, ఆమె ఆ గోడపై అరచేయి యుంచి మాటలాడక నిలిచిరి. ఆపై ఎక్కలేనని, నన్ను పొమ్మనిరి. మా వారు ఆమెను క్రింది ద్వారపు గుమ్మటము కడకు దింపుకొనిపోయిరి. అక్కడ కొట్టిన చప్పట్లు కొండకొమ్ముననున్న మంటపమునకు వినబడునట్లు పూర్వులు కట్టిరి; శత్రువుల రాకను పైవారికి తెలుపుట కిది సాధనమని చెప్పుదురు. మూడు కొట్టి, ఆగి, రెండు కొట్టవలెనని గుర్తు పెట్టుకొని నేను పైకెక్కితిని. గాలి హోరులో చెవి యొగ్గి నిలువగా, మొదట ఎవరెవరివో చప్పట్లు. తరువాత మూడు, ఆగి, రెండు. సన్నగా, స్పష్టముగా వినబడినవి. నా జీవితమున నేను విన్న చప్పట్లలో నాకు సిగ్గును, సంతోషమును ఒక్కటిగా కలిగించినవి అవియే.

సోదరీమణులారా, మన స్వేచ్ఛను గూర్చి మాటలాడునపుడు, మనము గడప దాటిన వేళ పొయ్యి దగ్గర నిలిచినదెవరో ఒక్కమారు వెనుదిరిగి చూడుడు. "తరువాత చూతములే" యను మాటను రాతి కట్టడములు సహించును. అవి నాలుగువందల యేండ్లయినను నిలిచియుండును. మనుష్యుల కన్నులు నిలువవు.

ఇంటికి వచ్చిన సాయంకాలము మా యింట గిన్నెలు తోమునామె అత్తగారి కాళ్ళకు నూనె రాచుచు, కోట సంగతులన్నియు వినుచుండెను. ఆమె పాతబస్తీలోనే పుట్టి పెరిగినది. చార్మినారు నీడలో నడచినదే గాని లోపలి కెన్నడును పోలేదట. మ్యూజియము మాట సరేసరి. నేనది వినియు, వేరు పనిలో పడి మరచితిని. రాత్రి భోజనముల వేళ అత్తగారు నన్ను పిలిచి యనిరి:

"అమ్మాయీ, వచ్చు ఆదివారము ఆమెను తీసికొనిపొమ్ము. గిన్నెల సంగతి మనము చూచుకొందము. ఆమె కండ్లు ఇంకను బాగున్నవి."