కాలు విరిగింది అబద్ధమైతదా?

జూబ్లీహిల్స్ కొండ మీద స్టూడియోలు, బంగళాలు. దిగువన మా రహమత్ నగర్. తెర మీద మీరు చూసే కోటలు, గడీలు, గుళ్లు కట్టేది మా గల్లీల చేతులే. అసలు గడీల్లోకి, గుళ్లలోకి రానియ్యని చేతులు అట్ట గోడలకు రంగులేస్తే మాత్రం ఎవరికీ మైల కాదు.

మా నాయిన పాలమూరు మాదిగవాడ నుంచి వలసొచ్చి సెట్ పనిలో చేరాడు. 2014లో పరంజా మీంచి పడి కుడికాలు విరిగింది. అప్పటికి యాభై ఏళ్లు. పని చేయించుకున్న కంపెనీ 'మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి' అన్నది. ఏడాది లోపే నష్టపరిహారం కేసు వేశాం. డాక్టరు పరీక్షించి నూటికి నలభై వంతులు సంపాదించే శక్తి పోయిందని రాసిచ్చాడు. వాయిదాలు నడుస్తుండగానే 2016లో నాయిన కామెర్లతో పోయాడు.

అప్పుడు కంపెనీ వకీలు కొత్తమాట ఎత్తాడు. చావుకు, దెబ్బకు సంబంధం లేదు, మనిషితోపాటే కేసూ పోయిందన్నాడు. 1923 నాటి చట్టంలో తొమ్మిదో సెక్షన్ చూపించాడు. పరిహారం కార్మికుడికి తప్ప చట్టరీత్యా ఇంకొకరికి సంక్రమించదని అందులో ఉన్నది.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఒక్కటే అడిగింది: "మనిషి పోయిండు గని, కాలు ఇరిగింది అబద్ధమైతదా బిడ్డా?"

మా వకీలు వాదన కూడా చివరికి అదే. పరిహారం అప్పులోళ్ల పాలు కాకుండా కాపాడటానికి పెట్టిన సెక్షన్‌ను కార్మికుడి ఇంటిమీదికే తిప్పొద్దన్నాడు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు 1976లో అచ్చయిన తీర్పు చదివి వినిపించాడు. 1968లో ఒక సినిమా హాలులో అలంకారం పని చేస్తూ పడి ఎడమచెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసది. యజమాని బాధ్యత ప్రమాదం జరిగిన రోజే పుడుతుందని నలుగురు జడ్జీలు చెప్పారు. అట్లయితే నాయిన బతికుండగానే ఆ డబ్బు ఆయనకు బాకీ పడ్డది. బాకీ ఉన్నోడు చస్తే బాకీ తీరినట్టా?

మేం చావుకు పరిహారం అడగలేదు. దెబ్బవల్ల చావు వస్తేనే అది వస్తుంది. మేం అడిగింది కాలుకు.

నేను లెక్కల పంతులును. ఈ లెక్క నేనే వేశాను. రోజుకూలి ఎంతున్నా అప్పట్లో నెలకు 8,000 మించి లెక్కలోకి తీసుకోరు. అందులో 60 శాతం 4,800. యాభై ఏళ్లకు చట్టం ఇచ్చిన అంకె 153.09. గుణిస్తే 7,34,832. అందులో నలభై శాతం 2,93,932 రూపాయలు. కమిషనరు అమ్మ పేరు కేసులో చేర్చి ఈ మొత్తం, ఆపైన నూటికి పన్నెండు వడ్డీ ఇప్పించాడు.

మమ్మల్ని నిలబెట్టింది నాయిన బతికుండగా రాసిన డాక్టరు కాగితం. కాటికి పోయిన కాలును ఎవరు కొలుస్తారు? 2025 నవంబరు 21 నుంచి ఆ పాతచట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినా మా వాళ్లు ఎక్కే పరంజా మారలేదు. అందుకే నా దగ్గరికొచ్చే ప్రతి ఇంటికీ ఇదే చెప్తున్న: దెబ్బ తగిలిన తేదీ, కూలి ముట్టిన రుజువు, డాక్టరు రాసిన శాతం, మూడూ మనిషుండగానే కాగితం మీద పెట్టండి. మనం నోటితో చెప్పింది వాళ్లు ఏనాడూ సాక్ష్యమనలేదు.