కార్డు చూపిస్తే చాలన్నాను

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లో వచ్చింది: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మా అనంతపురం. మూడూ వలసల జిల్లాలే. అప్పట్లో నేను ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెలు తిరిగేవాణ్ని. పథకం గురించి జనానికి చెప్పే పని నాకు పడింది.

ఎంత సంతోషంగా చెప్పానో! శెనక్కాయ పంట ఎండిపోయి, బ్యాంకు అప్పు మీద బయటి అప్పు పడ్డ ఇళ్లవి. ఆపరేషనంటే పొలం అమ్ముకోవడమే. అలాంటివాళ్లకు తెల్లకార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి లక్షన్నర దాకా, అవసరమైతే ఇంకో యాభై వేల దాకా వైద్యం అందుతుందని చెప్పడం మామూలు సంగతి కాదు. రచ్చకట్ట మీద కూర్చుని ప్రతి ఊళ్లోనూ అదే మాట చెప్పాను. "కార్డు చూపిస్తే చాలు, పైసా కట్టక్కర్లేదు."

జాబితాలో ఉన్న జబ్బులకే వర్తిస్తుందని, పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే చెల్లుతుందని, ఆపరేషనుకు ముందే అనుమతి రావాలని నాకు తెలుసు. తెలిసే ఆపాను. ఇన్ని షరతులు వింటే భయపడి అసలు వెళ్లరేమో అనుకున్నాను. వాళ్లకు అర్థం కాదని నేనే తీర్మానించేశాను.

కొన్నాళ్లకు ఒక రైతు వచ్చాడు. భార్యకు కిడ్నీ ఆపరేషన్ చేయించాడు. రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోనే బిల్లులన్నీ మడిచి తెచ్చాడు. "ఇవి యాడ ఇయ్యల్ల సార్?" అన్నాడు. ఆపరేషన్ పథకంలో ఉన్నదే. ఆసుపత్రే పథకంలో లేదు. పథకం సొమ్ము ఆసుపత్రికి పోతుంది తప్ప, మనం కట్టేసిన డబ్బు తిరిగి రాదు. ఆ ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు. బిల్లులు ఒక్కొక్కటే తిప్పుతూ కూర్చున్నాను. గొర్రెలమ్మి కట్టాడట. "కార్డు చాలంటిరి కదా సార్" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

పోయే ముందు ఆ ఆసుపత్రిలో పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్ర ఉన్నాడా అని ఒక్కమాట కనుక్కుని ఉంటే గొర్రెలు మిగిలేవి. కనుక్కోవాలని చెప్పాల్సినవాణ్ని నేను.

ఆ తర్వాత లక్షల లెక్కతో మొదలుపెట్టడం మానేశాను. "రాత్రిపూట నొప్పి లేస్తే ముందు ఎవరి దగ్గరికి పోతారు?" అని అడుగుతాను. చాలామంది చెప్పేది ఊళ్లో ఆర్‌ఎంపీ పేరే. ఆయన ఏ ఊరికి పొమ్మంటే ఆ బస్సెక్కుతారు. అందుకే పథకం సంగతి ముందు ఆయనకు చెప్పాలి. మా వాళ్లు బళ్లారికీ బెంగళూరికీ పోవడం అలవాటు. హద్దు దాటితే కార్డు ఎక్కడ చెల్లుతుందో వాళ్లకు ముందే తెలియాలి. బెంగళూరులో ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, కొన్ని చికిత్సలకు మాత్రం 2019 నవంబరు నుంచి వీలు కలిగింది. నెలనెలా మింగే బీపీ, షుగరు మాత్రలకు ఈ కార్డుతో పనిలేదు, వాటికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికే పోవాలి.

ఇన్నేళ్లలో పథకం పేరు మారుతూ వచ్చింది. మారినప్పుడల్లా పాత కార్డు పోయిందేమోనని ముసలివాళ్లు కంగారుపడ్డారు. 2018లో కేంద్రం ఐదు లక్షల ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. 2024 నుంచి డెబ్బై ఏళ్లు నిండినవాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా వర్తింపజేసింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఇంకో మార్పుకు ఒప్పుకుంది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన పాతిక లక్షల దాకా పథకాన్ని నడిపే ట్రస్టు భరించేలా. "కంపెనీ వస్తే మా కార్డు పోతాదా?" అని అడుగుతున్నారు.

మంత్రివర్గం ఒప్పుకోవడం వేరు, ఆసుపత్రి కౌంటరు దగ్గర అమలు కావడం వేరు అని చెబుతున్నాను. ఏది ఖాయమైందో, ఏది ఇంకా కాలేదో విడివిడిగా చెబుతున్నాను. ఏది రాదో ముందే చెప్పేసరికి కొందరు మధ్యలోనే లేచిపోతున్నారు. వాళ్ల ఇళ్లకు మళ్లీ పోతున్నాను. ఆడవాళ్లయితే నిలబెట్టి అడుగుతున్నారు. ఏ ఆసుపత్రి, అక్కడ ఎవర్ని కలవాలి, ఏ కాగితం చూపించాలి అని. పిల్లల నోటుబుక్కు తెచ్చి రాయించుకుంటున్నారు.